జూన్ నెల పటం: వంశధార ఎగువన నేలకోత ముప్పును గుర్తించడం

(గుణుపురంలో వాటర్‌షెడ్ కమిటీల సభ్యులు, క్షేత్ర సిబ్బంది, కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలు అలాగే ఉంచాం.)

పెద్దలందరికీ నమస్కారం. రాయగడ నుంచి, కాశీనగర్ నుంచి, పర్లాకిమిడి వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్ళున్నారు. సూటిగా విషయంలోకి వెళ్దాం.

ఈ గోడమీద రెండు పటాలు చూడండి. రెండూ ఒకే గెడ్డ, అంటే కొండవాగు, పరీవాహకం. వాన లెక్క ఒకటే, మట్టి లెక్క ఒకటే, వాలు ఒకటే. ఎడమదాంట్లో కొండలన్నీ పచ్చరంగులో ఉన్నాయి, అంటే కోత ముప్పు తక్కువని అర్థం. కుడిదాంట్లో అవే కొండలు ఎర్రగా ఉన్నాయి. ఎడమదానికి డిసెంబరు ఉపగ్రహ చిత్రం వాడాం, కుడిదానికి జూన్ మొదటి వారం చిత్రం వాడాం. తేడా అంతే. డిసెంబరు చిత్రం ఎందుకు వాడతారంటే అప్పుడు మబ్బు ఉండదు, చిత్రం శుభ్రంగా దొరుకుతుంది. కానీ మన దగ్గర మట్టి కొట్టుకుపోయేది డిసెంబరులోనా? పోడు కాల్చి, చోళ్ళు (రాగులు) చల్లి, మొలక ఇంకా వేలెడు లేవనప్పుడు పడే మొదటి నాలుగు పెద్ద వానల్లో పోతుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: పటం వెయ్యాల్సింది జూన్‌లో కొండ ఎలా ఉంటుందో దానికి.

వంశధార కలహండి జిల్లా లంజిగఢ్ కొండల్లో పుట్టి, రాయగడ, గజపతి జిల్లాల మీదుగా శ్రీకాకుళంలోకి దిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 254 కిలోమీటర్లు. పరీవాహకం మొత్తం 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో కాశీనగర్ దగ్గరున్న కేంద్ర జల సంఘం కొలత కేంద్రానికి పైన ఉన్నదే 7,820. అంటే గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్ళు ఎర్రగా వస్తున్నాయంటే ఆ ఎరుపులో ఎక్కువ వాటా మన కొండలదే. కింద పూడిక తీసేవాళ్ళు వేరు, పైన మట్టి పోగొట్టుకునేవాళ్ళు వేరు. నష్టం మాత్రం ఇద్దరిదీ.

ఇంత పరీవాహకానికి ఒకే పటం వేస్తే అది గోడకి తగిలించుకోడానికి బాగుంటుంది. పనికి కావాల్సింది సుమారు 500 హెక్టార్ల చిన్న పరీవాహకం, అంటే ఒక గెడ్డ, దానిలోకి దిగే నాలుగైదు చిన్న వాగులు, రెండు మూడు ఊళ్ళు. కమిటీ సభ్యులు రెండ్రోజుల్లో నడిచి చూడగలిగినంత ఉండాలి.

లెక్క ఏమిటో చెప్తాను. విష్మయర్, స్మిత్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1965లో, మళ్ళీ సవరించి 1978లో ఒక సమీకరణం ఇచ్చారు. 1997లో రెనార్డ్ బృందం దాన్ని ఇంకా సవరించింది. ఇవాళ దాదాపు అందరూ వాడేది ఆ రూపమే. ఐదు అంకెలు గుణిస్తే హెక్టారుకి ఏటా ఎన్ని టన్నుల మట్టి కదులుతుందో వస్తుంది. ఆర్ అంటే వాన కొట్టే దెబ్బ. కె అంటే మట్టి ఎంత తేలిగ్గా లేచిపోతుందో. ఎల్ఎస్ అంటే వాలు పొడవు, నిటారు కలిపి. సి అంటే నేలమీద కప్పు. పి అంటే మనం వేసిన గట్లు, మడులు. 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న ఉత్త దున్నిన మడిలో ఎంత పోతుందో అది 1 అనుకుని మిగతావన్నీ దానితో పోల్చారు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఆ అంకెలు భయపెట్టవు.

ఇక కంప్యూటరు ముందు కూర్చున్నాక జరిగే మొదటి పొరపాటు చెప్తాను. ఎత్తుల పటం, అంటే డెమ్, ఉచితంగానే దొరుకుతుంది. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం ఉంది, మన కార్టోశాట్ డెమ్ ఇస్రో వాళ్ళ భువన్ వెబ్‌సైటులో ఉంది, ఐరోపావాళ్ళ కోపర్నికస్ ఉంది. అన్నీ సుమారు 30 మీటర్ల గడివి. దించుకోగానే అది అక్షాంశ రేఖాంశాల్లో, అంటే డిగ్రీల్లో ఉంటుంది. ఎత్తు మాత్రం మీటర్లలో. అలాగే వాలు లెక్క కట్టమంటే, అడ్డం డిగ్రీలు నిలువు మీటర్లు కలిసిపోయి, వరి మడి కూడా 89 డిగ్రీల గోడలా వస్తుంది. ముందు మీటర్ల కొలతలోకి, అంటే భూమిని నిలువు పట్టీలుగా (మండలాలుగా) విడగొట్టి కొలిచే యూటీఎంలోకి మార్చాలి.

అక్కడ మన జిల్లాలకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. యూటీఎం 44వ మండలం 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర అయిపోయి 45 మొదలవుతుంది. ఆ గీత కాశీనగర్‌కీ పర్లాకిమిడికీ మధ్యలోంచి పోతుంది. రాయగడ, గుణుపురం, కాశీనగర్ 44లో, పర్లాకిమిడి, మహేంద్రతనయ పరీవాహకం 45లో. ఒకరు వాన పటం 45లో, ఇంకొకరు మట్టి పటం 44లో తయారుచేసి కలిపితే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. సాఫ్ట్‌వేరు ఒక్కోసారి అరుస్తుంది, ఒక్కోసారి నోరు మూసుకుని తప్పు లెక్క ఇస్తుంది. మొత్తానికి 44నే పెట్టుకోండి, సాఫ్ట్‌వేరులో దాని సంకేతం ఈపీఎస్‌జీ 32644. పర్లాకిమిడి దాకా లాగినా దూరంలో వచ్చే తేడా కిలోమీటరుకి మీటరు చుట్టుపక్కలే. మన పనికి అది లెక్కలోది కాదు.

తర్వాత డెమ్‌లో గుంటలు పూడ్చడం, నీరు ఎటు పోతుందో, ఎంత పోగవుతుందో చూడటం, గెడ్డ ముఖం దగ్గర చుక్క పెట్టి పరీవాహకం గీయడం. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేరులో గ్రాస్ పరికరాలతో ఇది గంట పని. ఒక్క జాగ్రత్త: చుక్క సరిగ్గా వాగు గడిమీదే పడాలి. ఒక్క గడి పక్కకి పడినా 500 హెక్టార్ల బదులు రెండు హెక్టార్ల ముక్క వస్తుంది. అది చూసి సాఫ్ట్‌వేరు పాడైందనుకుంటారు.

వాన సంగతి. అసలైతే ప్రతి వానకీ దాని శక్తి, అరగంటలో పడిన గరిష్ఠ తీవ్రత గుణించి సంవత్సరానికి కూడాలి. మన బ్లాకుల్లో దొరికేది రోజువారీ కొలత, అదీ బ్లాకు కేంద్రంలో కొలిచింది. అందుకని మన దేశంలో ఏడాది వాన నుంచి ఆర్ తీసే సూత్రం వాడతారు: 79కి, ఏడాది వానని 0.363తో గుణించి కలపడం. 1,300 మిల్లీమీటర్లకి 551 వస్తుంది. ఇక్కడే చాలామంది గోతిలో పడతారు. ఆ 551 పాత మెట్రిక్ కొలతలో ఉంది. ఇవాళ్టి మెగాజౌళ్ళ కొలతలోకి తేవాలంటే 9.81తో గుణించాలి, అంటే సుమారు 5,405. కె మాత్రం కొత్త కొలతలో తీసుకుని ఆర్‌ని పాత కొలతలో వదిలేస్తే జవాబు పదో వంతుకి పడిపోతుంది. అలాంటి పటం చూసి ‘మా జిల్లాలో కోత పెద్దగా లేదు’ అని రాసేస్తే, తప్పు కొండది కాదు, గుణకారానిది. ఎవరి పటమైనా మీ చేతికొస్తే ముందు అడగండి: ఆర్ ఏ కొలతలో ఉంది? అది వందల్లో ఉందా, వేలల్లో ఉందా?

మట్టి విషయంలో నాగపూర్ జాతీయ మృత్తికా సర్వే సంస్థ పటం ఉంది, 1:2,50,000 కొలతది. అందులో ఒక మిల్లీమీటరు నేలమీద 250 మీటర్లు. దాన్ని పదిమీటర్ల ఉపగ్రహ చిత్రంతో గుణించి ‘ఫలానా రైతు పొలంలో ఇన్ని టన్నులు’ అనడం కుదరదు. వీలైతే కొండపైన, వాలులో, దిగువన మూడు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి పరీక్షకి పంపండి. కె సూత్రానికి కావాల్సినవి ఐదు: ఒండ్రు, సన్న ఇసుక కలిపి ఎంత, బంకమన్ను ఎంత, సేంద్రియ పదార్థం, మట్టి గడ్డ కట్టే తీరు, నీళ్ళు ఇంకే వేగం.

మన ఖోండలైట్ రాతి మీద ఏర్పడ్డ ఎర్రనేల ఒకటి ఉదాహరణకి తీసుకుందాం. ఒండ్రు, సన్న ఇసుక కలిపి 30 శాతం, బంకమన్ను 25 శాతం, సేంద్రియ పదార్థం 1.2 శాతం, గడ్డకట్టే తీరు మూడో రకం, నీళ్ళు ఇంకడం మధ్యస్థం. లెక్క కడితే కొత్త కొలతలో కె 0.024 వస్తుంది. ల్యాబువాళ్ళు ఇచ్చేది సేంద్రియ కర్బనం, దాన్ని 1.724తో గుణిస్తే సేంద్రియ పదార్థం. గుణించడం మర్చిపోయారని వాదించుకుంటారు కానీ, ఇక్కడ దానివల్ల వచ్చే తేడా 4 శాతమే. గడ్డకట్టే తీరుని మూడు బదులు నాలుగు అని రాస్తే 18 శాతం పెరుగుతుంది. ల్యాబు కాగితం మీద పెట్టే శ్రద్ధలో సగం, మట్టిగడ్డని చేత్తో విరిచి చూడటం మీద పెడితే మేలు.

ప్రశ్న: సార్, మా కొండమీద మట్టికంటే రాళ్ళే ఎక్కువ. అవి లెక్కలోకి రావా?

మంచి ప్రశ్న. రావాలి, కానీ చాలా పటాల్లో రావు. కాసేపట్లో ఆ రాళ్ళదగ్గరికే వస్తాను.

వాలు లెక్కలో రెండు చెప్తాను. ఒకటి, సైన్ లెక్క కట్టేటప్పుడు వాలు డిగ్రీల్లో ఉందా, రేడియన్లలో ఉందా చూసుకోండి. 20ని రేడియన్లనుకుని యంత్రం లెక్క కడితే పటమంతా గీకినట్టు చిందరవందరగా వస్తుంది. రెండోది, ఈ సమీకరణం వాలు మీద పరుచుకుని పారే నీటికే. గెడ్డలో పారే నీటికి కాదు. నీరు పోగయ్యే గడులకి హద్దు పెట్టకపోతే గెడ్డ పొడవునా ఎల్ఎస్ వందల్లోకి పోయి, పటం నిండా ఎర్రటి నరాలు కనబడతాయి. చూడ్డానికి చాలా నమ్మబుద్ధేస్తుంది, గెడ్డ ఒడ్డు కోసుకుపోతోంది కదా, పటం సరిగ్గానే చెప్పిందనిపిస్తుంది. ఒడ్డు కోత ఈ లెక్కలోనే లేదు. అందుకని నీరు పోగయ్యే పొడవుని నాలుగైదు గడుల దగ్గర, అంటే 120, 150 మీటర్ల దగ్గర ఆపెయ్యండి. ఇంకో సంగతి: కొండల మధ్య వాగు పొడవునా మెట్లుమెట్లుగా కట్టుకున్న ఝోలా పొలాలు 30 మీటర్ల డెమ్‌కి కనబడవు. దానికి అవి వాలులా కనబడతాయి. వాటిని చేత్తో గీసి పక్కన పెట్టండి. తరాల తరబడి మట్టిని పట్టి ఆపిన మడుల్ని ఎర్రరంగులో చూపిస్తే ఊళ్ళో మీ పటాన్ని ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే న్యాయం.

ఇప్పుడు సి. మాట్లాడాల్సిందంతా ఇక్కడే ఉంది.

ఉపగ్రహ చిత్రంలో పచ్చదనాన్ని ఎన్‌డీవీఐ అనే అంకెగా తీస్తారు. దాన్నుంచి సి తీసే సూత్రం చాలామంది వాడతారు. ఆ సూత్రం ప్రకారం ఎన్‌డీవీఐ 0.6 ఉంటే సి 0.05. 0.2 ఉంటే 0.61. అదే కొండ, డిసెంబరుకీ జూన్‌కీ మధ్య పన్నెండు రెట్లు తేడా. ఐదు అంకెల్లో ఇంతలా ఊగేది ఇదొక్కటే. గోడమీది రెండు పటాల గుట్టు అదీ.

సరే, జూన్ చిత్రం తెచ్చాం, పని అయిపోయిందా? కాలేదు. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది, వాన కిందకొచ్చి కొడుతుంది. జీడితోటని తీసుకోండి. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఎన్‌డీవీఐ 0.6 ఇస్తుంది, సూత్రం 0.05 అంటుంది. కానీ పిక్కలు ఏరుకోడానికి చెట్టు కింద గడ్డి చెక్కి, ఆకు ఊడ్చి, నేల నున్నగా చేస్తాం కదా? ఏరడం మేలో అయిపోతుంది, జూన్‌లో వాన దిగుతుంది. ఆకుల మీద చేరి పెద్ద చుక్కలై నాలుగు మీటర్ల ఎత్తునుంచి ఉత్త నేలమీద పడుతుంది. చెట్ల గొడుగు 75 శాతం ఉన్నా కింద కప్పు ఏమీ లేకపోతే సి సుమారు 0.36 అని విష్మయర్, స్మిత్‌ల పాత పట్టికల్లోనే ఉంది. కింద 40 శాతం ఆకు, గడ్డి వదిలేస్తే 0.09 దగ్గరికి పడిపోతుంది. సూత్రం చెప్పినదానికీ నిజానికీ ఏడు రెట్లు తేడా. కింద ఆకు ఊడ్చేసిన నీలగిరి తోటలదీ ఇదే కథ.

అడవిది దీనికి తలకిందులు. మన కొండల్లో ఆకు రాల్చే అడవి ఏప్రిల్లో చూస్తే ఎన్‌డీవీఐ 0.3 ఉండొచ్చు. సూత్రం 0.42 అంటుంది, అంటే దున్నిన చేనులా లెక్క. కింద మాత్రం రాలిన ఆకు మందంగా పరుచుకుని ఉంటుంది. దాని అసలు సి 0.01 లోపే. అంటే సూత్రాన్ని గుడ్డిగా వాడితే అడవి ఎరుపు, జీడితోట పచ్చ. ఆ పటం పట్టుకుని పనులు పెడితే అడవిలో కందకాలు తవ్వుతాం, తోటని వదిలేస్తాం.

కాబట్టి క్రమం ఇలా పెట్టుకోండి. ముందు ఏది పోడు, ఏది తోట, ఏది అడవి, ఏది మెట్ట, ఏది పల్లం అని విడగొట్టాలి. పోడు ముక్కలు పట్టుకోడానికి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉపగ్రహాలు పట్టిన నిప్పు చుక్కలు ఉచితంగా దొరుకుతాయి, 375 మీటర్ల మేరకి. ఆ చుక్క చుట్టూ సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహ చిత్రంలో మసి మచ్చ వెతకండి. అది పది మీటర్ల గడి, ఐదు రోజులకోసారి వస్తుంది. మే 20కీ జూన్ 10కీ మధ్య సాధారణంగా మబ్బులేని రోజు ఒకటైనా దొరుకుతుంది. ఒకే ఏడాది చూడొద్దు, పోడు కొండ మారుతుంది. 2017 నుంచి ఉన్నవన్నీ తీసి, ఏ ముక్క ఎన్నేళ్ళు ఉత్తగా ఉందో లెక్కపెట్టండి. ఆ తర్వాత ప్రతి రకానికీ సి విలువ నేలమీద చూసి ఇవ్వాలి, ఆకాశం నుంచి కాదు.

ఒక గడి దగ్గర కూర్చుని మొత్తం లెక్క కట్టి చూద్దాం. కాగితాలున్నవాళ్ళు రాసుకోండి.

పోడు కొండ, 20 డిగ్రీల వాలు, నీరు పైనుంచి 90 మీటర్లు పరుచుకుని వస్తోంది. ఎల్ఎస్ సరిగ్గా 10 వస్తుంది. ఆర్ 5,405, కె 0.024. గట్లు లేవు కనక పి 1. సి దగ్గర జూన్ విలువ 0.6 పెట్టామనుకోండి. మొత్తం గుణిస్తే హెక్టారుకి 778 టన్నులు. హెక్టారులో ఒక మిల్లీమీటరు మందం మట్టి సుమారు 14 టన్నులు. అంటే ఏటా 55 మిల్లీమీటర్లు, రెండు అంగుళాలకి కొంచెం ఎక్కువ. అలా పోతే నాలుగేళ్ళలో ఆ కొండమీద రాయి తప్ప ఏమీ మిగలదు. మిగిలే ఉంది కదా! కనక లెక్క తప్పు.

ఎక్కడ తప్పు? జూన్ విలువని ఏడాది మొత్తానికి పులిమేశాం. వాన దెబ్బని నెలలకి పంచాలి. ఉదాహరణకి జూన్‌లో 15 శాతం, జులైలో 25, ఆగస్టులో 27, సెప్టెంబరులో 20, అక్టోబరులో 13 అనుకుందాం. మీ బ్లాకు కొలతలతో మీరు మార్చుకోండి. కప్పు కూడా మారుతుంది: జూన్‌లో 0.6, జులైలో చోడి మొలక లేచాక 0.4, ఆగస్టులో 0.15, సెప్టెంబరులో కంది, సామ గుబురుకట్టాక 0.08, అక్టోబరులో 0.1. నెలనెలా గుణించి కూడితే 0.26 వస్తుంది. అందులో జూన్, జులై వాటాయే 0.19. పంట నేలని కప్పకముందు జరిగేదే ముప్పాతిక వంతు. ఇప్పుడు లెక్క 337 టన్నులు. ఇంకా ఎక్కువే.

ఇక ఇందాక అడిగిన రాళ్ళు. నేలమీద పరుచుకున్న గులకరాళ్ళు కూడా కప్పే. 40 శాతం నేలని రాళ్ళు కప్పి ఉంటే కోత సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. 337 కాస్తా 83 టన్నులైంది. అంటే ఏటా ఆరు మిల్లీమీటర్లు. ఇది చాలా తీవ్రమైన కోతే, మన దేశంలో వాడే తరగతుల్లో 80 దాటితే చిట్టచివరి తరగతి. కానీ ఇది ఆ కొండమీద నిలబడి చూసినవాడు ఒప్పుకోగల అంకె. 778 కాదు.

రాళ్ళ శాతం కొలవడం తేలిక. పది మీటర్ల తాడు తీసుకుని పది సెంటీమీటర్లకో ముడి వెయ్యండి, వంద ముళ్ళు వస్తాయి. వాలుకి ఏటవాలుగా నేలమీద పరిచి, ఎన్ని ముళ్ళు రాయిమీద పడ్డాయో లెక్కపెట్టండి. అదే శాతం. మూడు చోట్ల వేసి సగటు తీయండి. ఆకు, గడ్డి కప్పు కూడా ఇలాగే. పిల్లలు చెయ్యగల పని, దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

దీన్నుంచే ఒక హెచ్చరిక. రాతి కట్టలు వెయ్యడానికి కొండమీద రాళ్ళన్నీ ఏరేస్తాం. పిడికిలికంటే చిన్న రాళ్ళు ఏరకండి. అవి నేలకి కవచం. పెద్ద రాళ్ళతో కట్ట కట్టుకోండి, చిన్నవాటిని ఉన్నచోటే వదిలెయ్యండి. శుభ్రంగా ఏరేసిన నేలకి కింద కట్ట ఉన్నా, పైన కోత బాగా పెరుగుతుంది, కట్ట వెనక త్వరగా పూడిపోతుంది.

ప్రశ్న: అయితే 83 అని కాగితం మీద రాసుకోవచ్చా సార్?

రాయొద్దు. ఈ సమీకరణం వెనకున్న ప్రయోగాలు ఎక్కువగా 3 నుంచి 18 శాతం వాలు మీద చేసినవి. 20 డిగ్రీలంటే 36 శాతం. ఆ కొలతకి బయటికి వచ్చేశాం. అందుకని టన్నుల్ని నమ్మొద్దు, వరసని నమ్మండి. ఏ ముక్క మొదటిది, ఏది పదోది, ఏది యాభయ్యోది అన్నది పటం బాగానే చెప్తుంది. నివేదికలో ‘చాలా ఎక్కువ, ఎక్కువ, మధ్యస్థం, తక్కువ’ అని పెట్టి, తరగతుల హద్దులు కింద రాయండి. దశాంశ స్థానాలు చూపించడం మానెయ్యండి.

పి గురించి రెండు మాటలు. అడ్డంగా, అంటే కాంటూరు వెంబడి దున్నితే 3 నుంచి 8 శాతం వాలు దగ్గర పి 0.5, కోత సగానికి తగ్గుతుంది. వాలు పెరిగేకొద్దీ లాభం కరిగిపోతుంది, 21 నుంచి 25 శాతం దగ్గర 0.9. నిటారు కొండమీద అడ్డంగా దున్నితే చాలు అనేవాళ్ళకి ఈ అంకె చూపించండి. గట్లు వేసినచోట వాలు పొడవు తగ్గిందని ఎల్ఎస్‌లో తగ్గించి, మళ్ళీ పిలో తగ్గించడం రెండుసార్లు జమ వేసుకున్నట్టు. ఏదో ఒకచోటే తగ్గించాలి. కాగితంలో ఉన్న గట్టు నేలమీద ఉందో లేదో, గండి పడిందో లేదో కూడా చూసి రావాలి మరి.

సరిచూసుకోవడం ఎలా? మేకులు పాతడం ఒక పద్ధతి. ఎనిమిది మిల్లీమీటర్ల ఇనప ఊచ, 60 సెంటీమీటర్ల ముక్కలు. 50 సెంటీమీటర్లు దిగగొట్టి 10 బయట వదలండి. అడ్డం ఐదు, నిలువు నాలుగు, మొత్తం ఇరవై. మే ఆఖర్లో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవండి. కొలత పక్కనుంచి తియ్యాలి. ఊచకి ఎగువన మట్టి పేరుకుంటుంది, దిగువన గుంట పడుతుంది, ఎటునుంచి తీసినా తప్పే. ఎగువ వైపు కాలు పెట్టొద్దు. కర్రలు పాతితే చెదలు తినేస్తాయి. ఇనుము పాతితే పాత ఇనుముకి పోతుంది, కాబట్టి చేను యజమానికి ముందే చెప్పి, ఆయన చేతే పాతించండి.

చెరువు కొలవడం ఇంకా నమ్మకమైనది. ఏప్రిల్లో ఎండిన చిన్న కుంట చూసుకోండి. పది చోట్ల గొయ్యి తవ్వితే పైన మెత్తటి కొత్త పూడిక, కింద గట్టిగా పాత అడుగు తేలిగ్గానే తెలుస్తాయి. ఉదాహరణకి కుంట 4,000 చదరపు మీటర్లు, సగటు పూడిక 45 సెంటీమీటర్లు అంటే 1,800 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 1.2 టన్నులు వేసుకుంటే 2,160 టన్నులు. కుంట తవ్వి తొమ్మిదేళ్ళయితే ఏడాదికి 240. పైన పరీవాహకం 30 హెక్టార్లయితే హెక్టారుకి 8 టన్నులు. కానీ కొండమీద కదిలిన మట్టంతా కుంటకి చేరదు. గట్టు పక్కన, పల్లంలో, పొదల్లో మధ్యలోనే దిగబడిపోతుంది. ఇంత చిన్న పరీవాహకానికి సగంపైన, సుమారు 55 శాతం చేరుతుందనుకుంటే, పైన కదిలింది 14, 15 టన్నులు. అలుగుమీంచి పొర్లిపోయింది దీనికి అదనం. మీ పటం ఆ 30 హెక్టార్లకి సగటు 150 చూపిస్తే పటం దిద్దుకోవాలి. 10 నుంచి 25 మధ్య చూపిస్తే సంతోషించండి. పరీవాహకం పెరిగేకొద్దీ చేరే వాటా తగ్గుతుంది. ఈ 55 శాతం ఇచ్చిన సూత్రమే కాశీనగర్ దగ్గరికి వచ్చేసరికి 15 శాతం చెప్తుంది. అందుకే పటంలోని టన్నులు కూడి ‘ఇంత మట్టి వంశధారలో కలుస్తోంది’ అనడం తప్పు.

ప్రశ్న: తిత్లీ తుపానుకి మా కొండ చరియలే జారాయి. ఈ పటంలో అవి ఎర్రగా ఉన్నాయా?

ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా కాకతాళీయమే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో బరఘర దగ్గర కొండచరియ పడి మనుషులు పోయారు. అది పొరలు పొరలుగా పోయే కోత కాదు. నీరు లోపలికి ఇంకి, మట్టి బరువెక్కి, రాతిమీంచి ముద్దగా జారడం. పైన చెట్టు, ఆకు దండిగా ఉన్నచోట కూడా జరుగుతుంది. ఈ పటంలో పచ్చగా ఉన్న కొండ కింద ఇల్లు కట్టుకోవచ్చని ఎవరూ అనుకోకూడదు. పటం మూల మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయండి. చరియలు జారే ముప్పుకి వేరే లెక్క, వేరే పటం. అలాగే గండికాలువలు, ఏటి ఒడ్డు కోత ఇందులో లేవు. వాటిని నడిచి, ఫోన్‌లో జీపీఎస్ చుక్క పెట్టి, విడిగా గీసుకోవాలి.

ప్రశ్న: పటం ఊళ్ళో ఎలా చూపించాలి? మావాళ్ళు రంగులు చూసి తలూపేసి వెళ్ళిపోతారు.

1:10,000కి అచ్చు వేయించండి, ఒక సెంటీమీటరుకి వంద మీటర్లు. గెడ్డలకి, కొండలకి, పోడు ముక్కలకి ఊరివాళ్ళు పిలుచుకునే పేర్లే రాయండి, సవర పేరైతే సవరలో, కుయి పేరైతే కుయిలో, అక్షరాలు మాత్రం ఊళ్ళో చదవగలిగేవి. సర్వే పటాల్లో ‘నాలా’ అని మాత్రమే ఉన్న చోటికి ఊళ్ళో మూడు పేర్లుంటాయి. మొదటిసారి రంగులు వేసిన పటం చూపించొద్దు. రంగుల్లేని పటం ఇచ్చి, మట్టి ఎక్కువ పోయేది ఎక్కడో వాళ్ళచేత బొగ్గుముక్కతో గీయించండి. ఆ తర్వాత మీది పక్కన పెట్టండి. రెండూ కలిసినచోట పని మొదలుపెట్టొచ్చు. కలవనిచోటికి ఇద్దరూ కలిసి వెళ్ళాలి, తాడు తీసుకుని. జూన్ రెండో వారంలోపే వెళ్ళండి, చోడి మొలిచిందంటే రాళ్ళు కనబడవు.